మొదటి పరీక్ష ఎవరికి?

సంతానము లేదన్న బాధతో వైద్యుని గడప తొక్కేవారిలో సాధారణముగా ఇద్దరు కనబడతారు. ముందు అత్తగారు, ఆమె వెనుక కోడలు. కోడలి చేతిలో ఒక సంచి ఉంటుంది. అందులో ఎక్స్‌రే ఫిల్ములు, స్కానింగు కాగితములు, రక్తపరీక్షల చీటీలు ఉంటవి. రావలసిన మూడవ మనిషి, అనగా భర్త, రాడు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో దాదాపు నలుబది సంవత్సరములుగా వైద్యవృత్తిలో ఉన్న నేను ఇటువంటి సంచులను ఎన్నో విప్పి చూచినాను. భార్యకు జరిగిన పరీక్షల కాగితములు పదో పదిహేనో ఉండి, భర్తకు జరిగిన పరీక్ష కాగితము ఒక్కటియు లేని సందర్భములే ఎక్కువ.

ఆ ఒక్క కాగితము లేకపోవుటచేత ఎంత ధనము, ఎంత కాలము, ఎందరు స్త్రీల మనశ్శాంతి వ్యర్థమవుతున్నవో పాఠకులకు విన్నవించుటకే ఈ వ్యాసము. ఇందులో ఇతరుల తప్పు కంటే ముందు నా తప్పును చెప్పుకొంటాను.

నేను చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట మంచిర్యాల వైపు నుండి ఒక తల్లి తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చినది. వివాహమై ఏడేండ్లు. అంతకుముందే నగరములో ఆ అమ్మాయికి గర్భనాళముల పరీక్ష రెండుమార్లు, లాపరోస్కోపీ ఒకమారు జరిగినవి. అండము విడుదలకు నెలల తరబడి ఇంజెక్షన్లు ఇచ్చినారు. ఈ ఖర్చులకు ఇంటివారు ఎకరంన్నర భూమి తాకట్టు పెట్టినారు. "అబ్బాయికి పరీక్ష చేయించినారా?" అని నేను మాటవరసకు అడిగినాను. "మా పిలగానికి ఏం రోగం సారూ? సక్కగున్నడు. ఫ్యాక్టరీల పని జేస్తడు, బస్తాలు మోస్తడు. పరీక్షలన్నీ కోడలికే చేయించినం" అన్నది ఆ తల్లి.

ఆ జవాబుతో నేను ఊరుకొన్నాను. అదే నా తప్పు. అమ్మాయి నాడి చూచి, ఋతుక్రమము అడిగి, ఫలఘృతము వ్రాసి ఇచ్చినాను. ఎనిమిది నెలలు వాడించినాను. తొమ్మిదవ నెలలో ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి, "అయ్యా, ఆయనకు రెండో పెండ్లి చేస్తరట. ఇంక నాకు మందులెందుకు?" అని కంటతడి పెట్టినది. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. భర్తను పిలిపించినాను. ఎదుట కూర్చుండబెట్టి చిన్ననాటి నుండి వచ్చిన జబ్బులన్నియు అడిగినాను. పదునైదవ యేట గవదబిళ్ళలు వచ్చినవని, అప్పుడు రెండు వృషణములును వాచి పది దినములు మంచము పట్టినానని అతడే చెప్పినాడు. వీర్యపరీక్ష చేయిస్తే శుక్రకణములు లేవు. కొంత వ్యవధి ఇచ్చి మరల చేయించినను అదే ఫలితము.

యౌవనారంభములో గవదబిళ్ళలు వృషణములకు దిగితే కొందరిలో బీజోత్పత్తి దెబ్బతినుట వైద్యులందరికి తెలిసిన విషయమే. ఆ ఒక్క ప్రశ్నకు రూపాయి ఖర్చు లేదు. దానిని ఏడేండ్లలో ఎవరును అడుగలేదు. ఎనిమిది నెలలు నేనును అడుగలేదు. నగరములోని వైద్యులు ఆ కుటుంబము ధనమును తీసికొన్నారు. నేను ఆ అమ్మాయి కాలమును తీసికొన్నాను. రెండింటిలో ఏది పెద్ద నష్టమో నేను చెప్పలేను.

రెండవ వివాహపు మాట ఆనాటితో ఆగినది. కొంతకాలమునకు ఆ దంపతులు చట్టప్రకారము దత్తత కొరకు పేరు నమోదు చేసికొన్నారు.

శాస్త్రము చెప్పినదేమి?

సంతానము లేకపోవుట స్త్రీ దోషమేనని మన శాస్త్రము ఏనాడును చెప్పలేదు. సుశ్రుతసంహిత శారీరస్థానములో రెండవ అధ్యాయము పేరే శుక్రశోణితశుద్ధి. అందులో ముందుగా విచారించినది పురుషుని శుక్రదోషములను. తరువాతనే స్త్రీ ఆర్తవదోషములు. చరకసంహిత చికిత్సాస్థానము 30వ అధ్యాయములో స్త్రీల యోనివ్యాపత్తులు 20 చెప్పిన చోటనే పురుషుల శుక్రదోషములు 8, క్లైబ్యములు 4 చెప్పబడినవి. స్త్రీపురుషుల విషయమును ఒకే అధ్యాయములో ఉంచుట యాదృచ్ఛికము కాదు. ఇద్దరిని కలిపి చూడవలెనన్నదే ఆచార్యుల అభిప్రాయమని నా నమ్మకము.

గర్భము నిలుచుటకు నాలుగు కావలెనని సుశ్రుతుడు పైరుతో పోల్చి చెప్పినాడు: ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. తగిన కాలము, ఆరోగ్యకరమైన గర్భాశయము, పోషణనిచ్చే రసము, మంచి బీజము. ఇక్కడ చాలమంది చేసే పొరపాటు ఒకటి కలదు. క్షేత్రమనగా స్త్రీ, బీజమనగా పురుషుడు అని విభజిస్తారు. అది సరి కాదు. బీజమనగా పురుషుని శుక్రమును, స్త్రీ ఆర్తవమును రెండును.

విత్తనోత్పత్తికి పేరుపొందిన మన కరీంనగర్ రైతుకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. గింజలు నాలుగు తడిగుడ్డలో మూటగట్టి మొలకశాతము చూడనిదే అతడు నారు పోయడు. విత్తనము సంగతి చూడకుండ ఏడేండ్లు పొలమును దున్నుతూ, ఎరువులు వేస్తూ, భూమిని తిట్టే రైతును ఎక్కడైనను చూచినామా? ఇంటి విషయములో మాత్రము చదువుకొన్నవారును అదే పని చేస్తున్నారు.

నేను మంథని ప్రాంతమున గోదావరి ఒడ్డున గురుకులవాసము చేసిన రోజులలో మా గురువుగారు భర్త రానిదే భార్య నాడి పట్టేవారు కారు. "ఒంటిచేతితో చప్పట్లు కొట్టమంటారా?" అని వెనుకకు పంపేవారు. ఆ నియమమును నేను మధ్యలో విడిచితిని. అనుభవించి మరల పట్టుకొంటిని.

ప్రాచీనులు శుక్రమును కంటితో చూచి వర్ణము, గాఢత, గంధములను బట్టి దోషమును నిర్ణయించినారు. వారికి సూక్ష్మదర్శిని లేదు. 1677లో హాలెండు దేశీయుడు లేవెన్‌హుక్ తాను చేసిన కటకముల గుండా శుక్రకణములను చూచిన తరువాత ఈ పరీక్ష కొత్త దారి పట్టినది. కంటికి స్వచ్ఛముగా కనబడిన శుక్రములోను కణములు లేకపోవచ్చును. కావున సూక్ష్మదర్శిని పరీక్షను కాదనుట ఆయుర్వేదాభిమానము కాదు. ముందు రోగమును పరీక్షించి ఆ తరువాతనే ఔషధమును యోచించవలెనన్న చరకుని మాటకు ఇది అనుకూలమే.

సంవత్సరము లెక్క

ఒక సంవత్సరము పాటు దంపతులు కలిసి ఉండి, ఎట్టి నిరోధక సాధనములు వాడక, క్రమముగా కాపురము చేసినను గర్భము రానప్పుడే దానిని సంతానలేమిగా పరిగణించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించినది. ఆరోగ్యవంతులైన దంపతులు నూటికి 80 నుండి 85 మంది మొదటి సంవత్సరములోనే ఫలము పొందుతారు. మిగిలినవారిలో సగము మందికి రెండవ సంవత్సరములో కలుగుతుంది. భార్య వయస్సు 35 దాటితే మాత్రము ఆరు నెలలకే పరీక్షలకు వెళ్ళవలెను. ఋతుక్రమము బొత్తిగా తప్పినవారు, పూర్వము క్షయ గాని కడుపులో శస్త్రచికిత్స గాని జరిగినవారు, వృషణముల జబ్బు పడినవారు ఎదురుచూడనక్కరలేదు.

ఈ నిర్వచనములో "కలిసి ఉండి" అన్న మాట మన జిల్లాలకు అత్యంత ముఖ్యము. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతముల నుండి వేలాది యువకులు గల్ఫ్ దేశములకు పోయి బ్రతుకుతున్నారు. ఒకమారు జగిత్యాల పక్క పల్లె నుండి వివాహమై ఆరేండ్లయిన ఒక అమ్మాయిని "గొడ్రాలు" అని ముద్రవేసి తీసికొనివచ్చినారు. లెక్క వేసి చూచినాను. పెండ్లి తరువాత మూడు నెలలకు భర్త దుబాయి పోయినాడు. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు. మూడుసార్లు వచ్చిపోయినాడు. అంతయు కలిపితే తొమ్మిది నెలలు. శాస్త్రప్రకారము వారికి సంవత్సరమే నిండలేదు! ఆ అమ్మాయికి అప్పటికే రెండు ఆసుపత్రులలో చికిత్స జరుగుచుండెను.

పైగా ఆ తొమ్మిది నెలలలోను సరియైన కాలము ఎంత? తరువాతి ముట్టుకు సుమారు 14 దినముల ముందు అండము విడుదల అగును. ఆ దినమును, దానికి ముందరి ఐదు దినములును మాత్రమే గర్భమునకు అనుకూలము. మన శాస్త్రము ఋతుకాలమును పన్నెండు రాత్రులుగా చెప్పినది. ఆ కాలము దాటితే గర్భము నిలువదని చెప్పిన ప్రాచీనుల పరిశీలనకు నేటి లెక్క దూరము కాదు. సెలవుపై వచ్చే భర్త ఈ దినములను చూచుకొని టిక్కెట్టు కొనుగోలు చేయుట ఏ ఇంజెక్షను కంటెను చౌక.

ఏ పరీక్ష ముందు, ఏది వెనుక?

పరీక్షలను ఖర్చు ప్రకారము, శ్రమ ప్రకారము మెట్లుగా అమర్చుకొనవలెను. కింది మెట్టు ఎక్కకుండ పై మెట్టుకు పోరాదు.

మొదటి మెట్టు: ప్రశ్నలు. ఇద్దరిని కలిపి, తరువాత విడివిడిగా అడుగవలెను. కలిసి ఉన్న కాలము, ముట్టు క్రమము, పాత జబ్బులు, పొగాకు, మద్యము, వృత్తి. వృషణములు శరీరోష్ణము కంటె కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే బీజోత్పత్తి సక్రమముగా సాగును. అందుకే ప్రకృతి వాటిని శరీరము వెలుపల ఉంచినది. బాయిలర్ల వద్ద, కొలుముల వద్ద, ఎండవేడిమిలో గంటల తరబడి పనిచేసేవారిని ఈ విషయము ప్రత్యేకముగా అడుగవలెను. కండల కొరకు జిమ్ములలో హార్మోను ఇంజెక్షన్లు తీసికొనే యువకులను తప్పక అడుగవలెను. బయటనుండి మగ హార్మోను ఎక్కిస్తే లోపలి బీజోత్పత్తి ఆగిపోవును. ఈ మెట్టుకు ఖర్చు లేదు.

రెండవ మెట్టు: భర్తకు వీర్యపరీక్ష. ఖర్చు కొన్ని వందల రూపాయలు. బీడీలు చుట్టే ఇల్లాలి కొద్ది దినముల కూలి. రెండు నుండి ఏడు దినముల బ్రహ్మచర్యము తరువాత నమూనా ఇవ్వవలెను. ఇంటివద్ద తీసినచో శరీరపు వెచ్చదనము పోకుండ గంటలోపల అందజేయవలెను. మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణములు అన్నది 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన కనీస ప్రమాణము. ఇంతకు తక్కువైతే సంతానము కలుగదని అర్థము కాదు. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. ఇటీవల తీవ్రజ్వరము వచ్చి ఉంటే లెక్క తగ్గును. కావున ఒక్క పరీక్షతో తీర్పు చెప్పక, లోపము కనబడితే వ్యవధి ఇచ్చి మరల చేయించవలెను.

మూడవ మెట్టు: భార్యకు థైరాయిడ్, అవసరమైతే ప్రొలాక్టిన్, అండము విడుదలను తెలిపే ప్రొజెస్టిరాన్ పరీక్ష, ఒక స్కానింగు. రక్తహీనత, మధుమేహము కూడ చూచుకొనవలెను.

నాలుగవ మెట్టు: గర్భనాళముల ఎక్స్‌రే. ముట్టు ఆగిన తరువాత, అండము విడుదలకు ముందు చేయవలెను. ఖర్చు కొన్ని వేలు. ఇందులో నాళములు మూసుకొన్నట్లు కనబడినను, పరీక్ష సమయమున కలిగిన కండరసంకోచము వలన అట్లు కనబడి ఉండవచ్చును. కావున రెండవ అభిప్రాయము లేకుండ నిరాశ పడరాదు. మన దేశములో పైకి లక్షణములు కనబడని గర్భాశయ క్షయ నాళములను మూసివేసే ముఖ్య కారణములలో ఒకటి.

ఐదవ మెట్టు: లాపరోస్కోపీ. మత్తుమందు, శస్త్రచికిత్స, వేలాది రూపాయల వ్యయము. కింది నాలుగు మెట్లు పూర్తిగాక, ప్రత్యేకించి భర్త పరీక్ష కాగితము చేతికి రాక, ఏ స్త్రీని ఈ బల్లపై పడుకోబెట్టరాదని నా నిశ్చితాభిప్రాయము.

మెట్లలో లేని పరీక్షలు కూడ సంచులలో కనబడుచున్నవి. టార్చ్ అనే రక్తపరీక్షల సముదాయమును సంతానలేమికి మరల మరల చేయించుట వలన ప్రయోజనము లేదు. ఎ.ఎం.హెచ్. అనే పరీక్ష అండముల నిల్వను సూచించునే గాని, సహజముగా గర్భము వచ్చునా రాదా అన్నది చెప్పదు. ఆ అంకె తక్కువని చూపి ఇరువది ఆరేండ్ల అమ్మాయిని భయపెట్టి ఐ.వి.ఎఫ్.కు తరలించుట అన్యాయము.

ఖర్చు ఎక్కడ పెరుగుతున్నది?

పై నాలుగు మెట్లకు మొత్తము కొన్ని వేల రూపాయలతో సరిపోవును. ఐ.వి.ఎఫ్. ఒక్క విడతకే లక్ష నుండి రెండు లక్షలు, ఆ పైన కూడ అగును. ఒక్క విడతతో ఫలించునన్న నమ్మకము లేదు. ఆదిలాబాద్ నుండి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. స్కానింగు కొరకు నెలలో మూడు నాలుగు మారులు పోయిరావలసిన దంపతులకు బస్సు, బస, పోగొట్టుకొన్న కూలి కలిపితే మందుల ఖర్చుకు తీసిపోదు.

అవసరమైనవారికి ఐ.వి.ఎఫ్. వరమే. 1978 జులైలో ఇంగ్లండులో తొలి శిశువు, అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు తొలి శిశువు జన్మించిన నాటి నుండి ఎన్నో ఇండ్లలో దీపములు వెలిగినవి. రెండు నాళములును మూసుకొన్న స్త్రీకి ఏ మూలిక కూడ దారి తెరువదని నేను స్పష్టముగా చెబుతాను. నా అభ్యంతరము చికిత్సపై కాదు. నిర్ణయము జరుగకుండ చికిత్సకు దిగుటపై.

2021లో వచ్చిన సహాయక సంతానోత్పత్తి నియంత్రణ చట్టము 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. ఇటువంటి కేంద్రములన్నియు నమోదు కావలెను. దంపతుల లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. అయినను 2025 జులైలో సికింద్రాబాదులో ఒక కేంద్రము వ్యవహారము బయటపడినది. అద్దెగర్భము ద్వారా మీ బిడ్డయే అని చెప్పి ఇచ్చిన శిశువు డి.ఎన్.ఎ. పరీక్షలో ఆ దంపతుల బిడ్డ కాదని తేలినది. పోలీసులు నిర్వాహకురాలైన వైద్యురాలిని అరెస్టు చేసినారు. తీర్పు న్యాయస్థానములు చెప్పవలెను. మనము నేర్వవలసినది ఒక్కటే: నమోదు పత్రము చూడక, ప్రతి కాగితము నకలు చేతికి తీసికొనక రూపాయి కట్టరాదు.

మా ఇంటిని కూడ ఊడ్చుకొనవలెను

ఆయుర్వేదము పేరున జరుగుతున్న అన్యాయమును చెప్పకుండ ఇతరులను విమర్శించుట ధర్మము కాదు. బస్టాండుల వద్ద గుడారము వేసి, గోడలపై వ్రాతలు వ్రాయించి, "నలుబది దినములలో సంతానము" అని పిలిచేవారు శాస్త్రము చదివినవారు కారు. స్త్రీల వంధ్యత్వమును నయము చేస్తామన్న మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. మగబిడ్డ పుట్టుటకు మందు ఇస్తామనేవారి మాట అబద్ధము, నేరము కూడ. ఏమి కలిపినారో తెలియని భస్మములలో సీసము మొదలగు లోహములు ఉండి మూత్రపిండములను చెరుపవచ్చును.

నగరములోని ఖరీదైన కేంద్రము ధనమును హరిస్తే, మూలికల పేరుతో నిర్ణయము లేని చికిత్స వయస్సును హరించును. ముప్పది రెండేండ్ల స్త్రీని మూడేండ్లు మా కషాయములపై నిలిపితే ఆమెకు ముప్పదైదు వచ్చును. ఆ మూడేండ్లను ఏ వైద్యుడును తిరిగి ఇవ్వలేడు. కావున నేడు నా నియమము ఇది: ఇద్దరి పరీక్షల కాగితములు లేనిదే మందు లేదు. కారణము మందుకు లొంగేదైతే ఆరు నెలలు. ఫలము లేకున్న తగిన నిపుణుని వద్దకు.

ఇంటిలో పాటించదగినవి

1. భర్త బీడీ, గుట్కా, మద్యము మానవలెను. మూడు నెలలు మానితేనే కొత్త బీజములో దాని ఫలము కనబడును.

2. బిగుతైన లోదుస్తులు, తొడలపై ల్యాప్‌టాప్ పెట్టుకొనుట, అతివేడి నీటి తొట్టి స్నానము మానవలెను.

3. భార్య అధిక బరువు ఉంటే, అందులో కొద్దిపాటి తగ్గినను ముట్టు క్రమపడుట తరచు చూస్తున్నాము. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు, నువ్వులు మన ప్రాంతపు మంచి ఆహారము.

4. గర్భము కోరే స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మాత్ర తీసికొనవలెను. శిశువు వెన్నుపాము లోపములను ఇది చాలవరకు నివారించును.

5. శతావరి, పెన్నేరుగడ్డ, ఫలఘృతము మంచి ఔషధములే. కాని నిర్ణయము జరిగిన తరువాత, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే. థైరాయిడ్ మాత్రలు వాడేవారు, కాలేయవ్యాధి గలవారు పెన్నేరుగడ్డను స్వయముగా వాడరాదు.

నేను కోరేది

1. ప్రభుత్వమును: 2023లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐ.వి.ఎఫ్. కేంద్రము ప్రారంభమైనది. సంతోషము. కాని నిర్ణయమునకు హైదరాబాదు దాకా పోనక్కరలేదు. ఆదిలాబాదులో రిమ్స్ 2008 నుండి ఉన్నది. జగిత్యాల, మంచిర్యాల, రామగుండములలో 2022లో, కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాదులలో 2023లో వైద్యకళాశాలలు వచ్చినవి. వారమునకొక దినము దంపతులిద్దరికి కలిపి మొదటి నాలుగు మెట్లు ఉచితముగా చేయించుట వాటికి అసాధ్యము కాదు.

2. వైద్యులను: మా పద్ధతివారైనను, అల్లోపతివారైనను, భర్త రానిదే భార్య చీటీ వ్రాయకుందుము.

3. అత్తమామలను: సంతానలేమి సందర్భములలో సుమారు సగములో పురుషుని లోపము పూర్తిగానో పాక్షికముగానో ఉండును. బస్తాలు మోసే బలమునకు, బీజబలమునకు సంబంధము లేదు. పరీక్ష చేయించుకొనుట వలన మగతనమునకు లోటు రాదు. వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించుటకు భార్యాభర్తలిద్దరును కలిసి పోతారు గదా! వైద్యుని వద్దకు మాత్రము కోడలిని ఒంటరిగా పంపుట ఏమి న్యాయము?

ఇది చదివిన గృహిణి ఎవరైనను ఇంటిలోనో, చుట్టములలోనో ఇటువంటి సంచి మోస్తున్న అమ్మాయిని ఎరిగి ఉంటే ఆ సంచిని ఒక్కసారి విప్పి చూడవలెనని ప్రార్థన. అందులో భర్త పేరున్న కాగితము లేకుంటే, తరువాత పోవలసిన చోటు హైదరాబాదు కాదు, మా వంటి వైద్యుని ఇల్లును కాదు. మీ ఊరికి దగ్గరలో ఉన్న పరీక్షాశాల. పోవలసినవాడు భర్త.